క్లౌడ్ అంటే కిరాయి లెక్క

ఫిబ్రవరి వచ్చిందంటే వరంగల్ ఏనుమాముల మార్కెట్ దారిలో ముందు ఘాటు ముక్కుకు తగులుతుంది, ఆ తర్వాతే మిర్చి బస్తాలు కంటపడతాయి. తేజ, వండర్‌హాట్, 341, చపాటా అని రకానికో వరుస. జెండా పాట అనే వేలంలో పలికిన ధర నచ్చిన రైతు అక్కడే అమ్ముకుంటాడు. నచ్చని రైతు బస్తాలను కోల్డ్ స్టోరేజీకి తరలించి, రసీదు జేబులో పెట్టుకుని ఊరి బస్సెక్కుతాడు. సొంతంగా చల్లటి గది కట్టించుకునే స్తోమత అతనికి లేదు, అవసరమూ లేదు. బస్తాకు ఇంత అని కిరాయి కడతాడు. ధర వచ్చిన రోజున రసీదు చూపించి సరుకు విడిపించుకుంటాడు. తన బస్తాలు ఏ గదిలో ఏ మూలన ఉన్నాయో అతనికి తెలియదు. రసీదు మీద నంబరు ఉంటే చాలు.

క్లౌడ్ కంప్యూటింగ్‌ను ఇంతకంటే ఎత్తున ఊహించుకోవడం వల్లనే కొత్తవారికి అది కొరుకుడు పడదు. మేఘం అనగానే చూపు పైకి పోతుంది. నిజానికి ఆ పేరుకు ఆకాశంతో ఏ సంబంధమూ లేదు. నెట్‌వర్క్ ఇంజినీర్లు పటాలు గీసేటప్పుడు తమ పరిధిలో లేని అవతలి భాగాన్ని ఒక మబ్బు బొమ్మతో సరిపెట్టేవారు. అక్కడ లోపల ఏమి జరుగుతుందో ప్రస్తుతానికి పట్టించుకోనక్కరలేదని ఆ బొమ్మకు అర్థం. కాలక్రమంలో ఆ బొమ్మే పేరై కూర్చుంది. అసలు సంగతి నేల మీదే ఉంది: ఎవరివో కంప్యూటర్లను కావలసినంత మేరకు, కావలసినంత సేపు, మీటరు లెక్కన ఇంటర్నెట్ ద్వారా కిరాయికి వాడుకోవడం. కిరాయి అన్న మాట ఒప్పుకున్నాక అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. మీటరు దేని మీద తిరుగుతుంది? సరుకు పాడైతే ఎవరు పూచీ? ఖాళీ చేసి పోవాలంటే ఎలా? ఈ రంగంలోని బరువైన పదాలలో చాలావాటికి మూలం ఈ మూడు ప్రశ్నలే.

యార్డు పక్కన, రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తిదారు దుకాణాన్ని ఊహించుకుంటే విషయం తేలికవుతుంది. టేబుల్ కింద పాత సీపీయూ, దాని జాలీల నిండా ఎర్రటి దుమ్ము, పక్కన కరెంటు పోయినప్పుడల్లా కీచుమని అరిచే యూపీఎస్. ఏ రైతు సరుకు ఎన్ని బస్తాలు, దడవాయి రాసిన తూకం ఎంత, ఖరీదుదారు ఎవరు, హమాలీ ఖర్చు ఎంత, ఇంకా బాకీ ఎంత అన్న పదేళ్ల చిట్టా అంతా ఆ పెట్టెలోని ఒక్క హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. ఆ డిస్క్ ఒక మే నెల మధ్యాహ్నం మొండికేసిందంటే దుకాణం చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. దీనికి పాత విరుగుడు ఖరీదైనది: సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ మంచిది కొనాలి, ఏసీ గది కావాలి, రెండో సర్వర్ కొని పక్కన పెట్టాలి, వాటిని చూసుకునే మనిషికి జీతం ఇవ్వాలి. ఏడాదిలో నాలుగు నెలలు కిటకిటలాడి మిగతా కాలం పలచబడే వ్యాపారానికి ఇంత పెట్టుబడి దండగ.

అదే చిట్టాను క్లౌడ్‌లో నడిచే ఖాతాల అప్లికేషన్‌కు మార్చితే ఏమి జరుగుతుందో అడుగడుగునా చూడడం మంచిది. అద్భుతంలా కనిపించేదంతా ఆ కొద్ది క్షణాల్లోనే ఉంది.

గుమాస్తా ఒక తక్‌పట్టి, అంటే అమ్మకం చీటీ, వివరాలు ఫోనులో కొడతాడు. రైతు పేరు, పన్నెండు బస్తాలు, తూకం, క్వింటాలు ధర. 'సేవ్' నొక్కగానే ఫోను ఆ నాలుగు ముక్కలను దారిలో ఎవరూ చదవలేని సంకేతాలుగా మార్చి, దగ్గర్లోని టవరుకు రేడియో తరంగాలుగా పంపుతుంది. టవరు దాటాక అవి గాజు తీగలో వెలుగుగా మారి పరుగెడతాయి. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఉన్న సుమారు 150 కిలోమీటర్ల దూరానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అవతల, సర్వర్లు కొలువుండే డేటా సెంటర్ గుమ్మంలో లోడ్ బ్యాలెన్సర్ అనే ప్రోగ్రాము కాచుకుని ఉంటుంది. ఏ కాంటా ఖాళీగా ఉందో చూసి బస్తాలను అటు మళ్లించే యార్డు మనిషి పనే దాని పని. అది ఈ తక్‌పట్టిని తీరికగా ఉన్న ఒక సర్వర్‌కు అప్పగిస్తుంది. సర్వర్ ముందు, పంపిన మనిషికి ఆ ఖాతాలో రాసే హక్కు ఉందా అని చూస్తుంది. తర్వాత తూకాన్ని ధరతో గుణించి, ఖర్చులు తీసి, పద్దులు దాచే డేటాబేస్‌కు చెబుతుంది. సరిగా ఏర్పాటు చేసిన డేటాబేస్ ఆ పద్దును ఒక చోట రాసి ఊరుకోదు. కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్న మరో భవనంలో రెండో నకలు కూడా రాసి, అక్కడి నుంచి 'ముట్టింది' అన్న కబురు వచ్చాకనే 'అయింది' అంటుంది. అప్పుడు ఫోను తెర మీద పచ్చటి టిక్కు పడుతుంది. మొత్తం తతంగం రెప్పపాటు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ లెక్క కట్టిన 'సర్వర్' చాలాసార్లు పెట్టెలా చేత్తో తాకగలిగే వస్తువు కాదు. ఒక పెద్ద కంప్యూటర్‌ను హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ పది, ఇరవై, యాభై వాటాలుగా విడగొడుతుంది. ప్రతి వాటా తానే ఒక పూర్తి కంప్యూటర్‌ననుకుంటుంది. దానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత మెమరీ, సొంత డిస్క్ ఉన్నట్టే కనిపిస్తాయి. పక్క వాటాలో ఎవరున్నారో దానికి తెలియదు. ఇదే వర్చువల్ మెషీన్. కోల్డ్ స్టోరేజీలో ఒకే చల్లటి గదిలో వందమంది రైతుల బస్తాలు ఉన్నా ఒకరి తేజ మరొకరి చపాటాలో కలవనట్టే, ఒకే యంత్రం మీద పదుగురి లెక్కలు నడిచినా ఒకదానికొకటి తగలవు. క్లౌడ్ వ్యాపారమంతా ఈ గోడ మీదే నిలబడి ఉంది. కంప్యూటర్‌ను వాటాలు వేసే విద్య కొత్తదేమీ కాదు. 1960లలోనే ఐబీఎం తన భారీ యంత్రాల మీద దాన్ని నడిపించింది. 1990ల చివర వీఎంవేర్ అనే కంపెనీ అదే పనిని మామూలు ఇంటెల్ తరహా యంత్రాల మీద చేసి చూపించాకనే అది అందరికీ అందుబాటులోకి వచ్చింది.

కంప్యూటర్ శక్తిని నీళ్లు, కరెంటు లాగా మీటరు మీద అమ్మే రోజు వస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1961లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ శతజయంతి ఉపన్యాసంలోనే ఊహించాడు. ఆ ఊహ అంగడి సరుకు కావడానికి నలభై ఐదేళ్లు పట్టింది. 2006 మార్చిలో అమెజాన్ ఎస్3 పేరుతో నిల్వ స్థలాన్ని, అదే ఏడాది ఆగస్టులో ఈసీ2 పేరుతో వర్చువల్ మెషీన్లను కిరాయికి పెట్టింది. పుస్తకాలమ్మే కంపెనీకి ఈ పని ఎందుకని అప్పట్లో ఆశ్చర్యపోయినవారు చాలామంది. గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండేళ్లు తిరిగేసరికి అదే బాట పట్టాయి.

మీటరు ఎలా తిరుగుతుంది

వరికోతల కాలంలో హార్వెస్టర్‌ను గంట లెక్కన మాట్లాడుకుంటారు. పొలం ఆరి ఉంటే టైరు మిషన్, బురదగా ఉంటే చైన్ మిషన్. చైన్ మిషన్‌కు గంట రేటు ఎక్కువ. కోత అయ్యాక యంత్రం పక్క ఊరికి పోతుంది, రైతు బాధ్యత తీరిపోతుంది. క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్ కిరాయి అచ్చం ఇలాగే ఉంటుంది. చిన్న యంత్రానికి ఒక రేటు, ఎక్కువ మెమరీ ఉన్నదానికి ఒక రేటు, కృత్రిమ మేధ పనులకు వాడే గ్రాఫిక్ ప్రాసెసర్లు ఉన్నదానికి కళ్లు తిరిగే రేటు. ఒకప్పుడు గంట లెక్క, ఇప్పుడు చాలా వాటికి సెకన్ల లెక్క.

తేడా ఒక్కటే. పని అయిపోయిన హార్వెస్టర్ డ్రైవరు తనంతట తానే వెళ్లిపోతాడు. వర్చువల్ మెషీన్ వెళ్లదు, ఆపమని చెప్పేదాకా ఖాళీ పొలంలో ఇంజను ఆన్ చేసుకుని నిలబడే ఉంటుంది. ఈసీ2 మొదలైన రోజుల్లో చిన్న యంత్రం రేటు గంటకు 10 సెంట్లు. రోజుకు మూడు గంటల చొప్పున నెలకు ఇరవై రోజులు వాడి, పని కాగానే ఆపేసినవారికి 60 గంటలు, అంటే 6 డాలర్లు. అదే యంత్రాన్ని ఆపడం మరిచినవారికి 720 గంటలు, 72 డాలర్లు. చేసిన పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. రేట్లు అప్పటికీ ఇప్పటికీ మారాయి గానీ ఈ లెక్క మారలేదు. ఉచిత ఖాతా తెరిచి, ప్రాక్టీసు చేసి, యంత్రాన్ని ఆపకుండా నిద్రపోయిన ఇంజినీరింగ్ విద్యార్థులు నెలాఖరు బిల్లు చూసి ఉలిక్కిపడడం ఏ కాలేజీలోనైనా వినిపించే కథే. ఖాతా తెరిచిన మొదటి పది నిమిషాల్లో చేయవలసిన పని యంత్రం సృష్టించడం కాదు. బిల్లు ఇంత దాటితే కబురు పెట్టమని హెచ్చరిక పెట్టుకోవడం.

నిల్వకు మీటరు వేరు. దాన్ని బస్తాకు, నెలకు లెక్కగట్టినట్టు ఒక గిగాబైటుకు, నెలకు లెక్కగడతారు. ఎస్3 తొలి రేటు నెలకు గిగాబైటుకు 15 సెంట్లు. తరచూ తీసి చూసే ఫైళ్లకు ఒక ధర, ఏడాదికోసారి కూడా తెరవని పాత కాగితాలకు అందులో చిన్న వంతు ధర. చవక అరలో పెట్టినదాన్ని బయటికి తీయాలంటే కొన్నిసార్లు గంటలకొద్దీ ఆగాలి, తీసినందుకు విడిగా కట్టాలి. ఈ కిరాయి అందరి ఇళ్లలోకీ ఎప్పుడో వచ్చేసింది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నింటికీ కలిపి గూగుల్ ఇచ్చే ఉచిత స్థలం 15 గిగాబైట్లు. 2021 జూన్ 1 దాకా ఫొటోలను కొంత నాణ్యత తగ్గించి ఎన్నైనా దాచుకోనిచ్చారు, ఆ తర్వాత అవి కూడా లెక్కలోకి వచ్చాయి. 'స్థలం నిండింది' అని ఫోను మారాం చేస్తే ఫోను పాడైందని దుకాణానికి పట్టుకెళ్లేవారు ఇంకా ఉన్నారు. నిండింది ఫోను కాదు, కిరాయి గది.

మేడారం బస్సులు

రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు జిల్లా మేడారానికి జనం పోటెత్తుతారు. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా సమ్మక్క సారలమ్మ జాతర జరిగింది. ఆ నాలుగు రోజులూ అడవి నడుమ ఉన్న చిన్న ఊరు మహానగరమవుతుంది. వనదేవతలు మళ్లీ వనప్రవేశం చేశాక ఊరు ఎప్పటి ఊరే. ఆ నాలుగు రోజుల రద్దీకి సరిపడే బస్సులను మేడారంలోనే శాశ్వతంగా ఉంచమని ఎవరూ అనరు. ఆర్టీసీ రాష్ట్రంలోని పలు డిపోల నుంచి బస్సులు రప్పిస్తుంది, జాతర కాగానే వెనక్కి పంపుతుంది. మొబైల్ కంపెనీలు కూడా చక్రాల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెడతాయి.

క్లౌడ్ ఇచ్చే అసలు లాభం ఇదే. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2011 సెప్టెంబరులో క్లౌడ్‌కు ఇచ్చిన నిర్వచనంలో ఐదు లక్షణాలు చెప్పింది: అడిగినవారు తమంతట తామే తీసుకోగలగడం, నెట్‌వర్క్ ద్వారా అందడం, వనరులను ఉమ్మడిగా పోగేయడం, ఇట్టే పెంచి ఇట్టే తగ్గించగలగడం, కొలిచి వసూలు చేయడం. మూడోది, నాలుగోది కలిస్తే మేడారం బస్సులే. పరీక్షా ఫలితాలు వెలువడే ఉదయం ఒక వెబ్‌సైటుకు లక్షలమంది ఒకేసారి వస్తారు, మర్నాటికి పదిమంది కూడా రారు. తత్కాల్ టికెట్లకు ఏసీ తరగతులైతే 10 గంటలకు, స్లీపర్ అయితే 11 గంటలకు కాజీపేటలోనూ మంచిర్యాలలోనూ వేళ్లు తెర మీద సిద్ధంగా ఉంటాయి. సొంత సర్వర్లు కొనుక్కున్న సంస్థ ఆ ఒక్క గంటను దృష్టిలో పెట్టుకుని కొంటే మిగతా కాలమంతా యంత్రాలు ఈగలు తోలుకుంటాయి. మామూలు రోజును చూసి కొంటే ఆ గంటలో సైటు చతికిలపడుతుంది. క్లౌడ్‌లో రద్దీ పెరిగేకొద్దీ వర్చువల్ మెషీన్లు వాటంతట అవే పెరిగేలా, తగ్గగానే మూతపడేలా ముందే నియమం రాసి పెట్టుకోవచ్చు.

అయితే ప్రకటనల్లో కనిపించని మాట ఒకటి ఈ పోలికలోనే దాగి ఉంది. జాతర బస్సులు ఆకాశం నుంచి రావు. ఆ నాలుగు రోజులు ఎక్కడో ఒక పల్లె రూట్లో బస్సు తగ్గుతుంది. ఉమ్మడి వనరు అన్నది అందరికీ ఒకే రోజు అవసరం పడనంత కాలమే పుష్కలంగా ఉంటుంది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ప్రపంచమంతా ఒక్కసారిగా ఇళ్ల నుంచి పనిచేయడం మొదలుపెట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ కొన్ని ప్రాంతాల్లో కొత్త ఖాతాదారులకు పరిమితులు పెట్టవలసి వచ్చింది. క్లౌడ్‌కు హద్దు లేదని రాసే పుస్తకాలు ఈ సంగతిని దాటవేస్తాయి. హద్దు ఉంది, చిన్న వాడకందారుకు అది సాధారణంగా కనిపించదంతే.

సేవల రకాల గురించి పాఠ్యపుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి గానీ ఒక పెళ్లిని చూస్తే చాలు. హనుమకొండలో ఫంక్షన్ హాలు మాత్రమే మాట్లాడుకుని వంటవాళ్లను, సరుకులను, వడ్డించేవాళ్లను మనమే తెచ్చుకోవచ్చు. ఐఏఏఎస్ (ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ ఎ సర్వీస్) అంటే ఇదే: ఖాళీ యంత్రం ఇస్తారు, మిగతాదంతా మనది. హాలుతో పాటు పొయ్యిలు, గిన్నెలు, వంటమనుషులు కూడా ఉండి, ఏమి వండాలో మనం చెప్పుకునే పద్ధతి పీఏఏఎస్ (ప్లాట్‌ఫామ్ యాజ్ ఎ సర్వీస్). ప్రోగ్రాములు రాసేవారికి అది ఇష్టం. అన్నీ కేటరింగ్ వారికి వదిలేసి విస్తరి ముందు కూర్చోవడం ఎస్ఏఏఎస్ (సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్). జీమెయిల్, అడ్తిదారు వాడే ఖాతాల అప్లికేషన్ ఈ చివరి కోవలోవి. కిందికి దిగేకొద్దీ శ్రమ తగ్గుతుంది, కూరలో ఉప్పు మీద మన అదుపు కూడా తగ్గుతుంది.

మబ్బు ఎక్కడ ఉంది

నేల మీద, గట్టి కాపలా మధ్య, పెద్ద గోదాముల్లాంటి భవనాల్లో ఉంది. అమెజాన్ మన దేశంలో మొదట 2016 జూన్‌లో ముంబైలో, తర్వాత 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాలను తెరిచింది. మైక్రోసాఫ్ట్ 2015లోనే పుణె, చెన్నై, ముంబైలలో మొదలుపెట్టింది. గూగుల్ 2017లో ముంబైకి, 2021లో ఢిల్లీకి వచ్చింది. ఒక ప్రాంతాన్ని రీజియన్ అంటారు. దానిలో కొన్ని కిలోమీటర్ల ఎడంతో విడివిడిగా కరెంటు, విడివిడిగా చల్లదనం ఉన్న భాగాలను జోన్లు అంటారు. అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో ఇలాంటి జోన్లు మూడు. ఒకదానికి నిప్పంటుకున్నా వరద వచ్చినా మిగతా రెండూ నడవాలన్నది లెక్క.

దగ్గర్లో ఉండడం ఎందుకు ముఖ్యమో దూరం లెక్క వేస్తే తెలుస్తుంది. అమెరికా తూర్పు తీరం ఇక్కడికి దాదాపు 13 వేల కిలోమీటర్లు. వెలుగు నేరుగా పోయి వచ్చినా సెకనులో వెయ్యికి 130 వంతులు పడుతుంది, సముద్రపు తీగల చుట్టుదారిలో ఇంకా ఎక్కువ. ఒక పేజీ తెరవడానికి ఇలాంటి రాకపోకలు పది జరిగితే చాలు, ఆలస్యం కంటికి తెలుస్తుంది. ఎంత పెద్ద కంపెనీ అయినా వెలుగు వేగాన్ని పెంచలేదు. అందుకే భవనాలనే దగ్గరికి తెస్తాయి.

ఆ భవనాలు కరెంటును తాగుతాయి. యంత్రాలు నడవడానికి కొంత, ఆ యంత్రాల వేడిని తోడిపోయడానికి ఇంకొంత. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లు సుమారు 415 టెరావాట్ అవర్లు వాడాయి. అది ప్రపంచ విద్యుత్ వినియోగంలో దాదాపు ఒకటిన్నర శాతం. ఉత్తర తెలంగాణకు ఈ అంకె అంత దూరపుదేమీ కాదు. గోదావరిఖని, రామగుండం చుట్టుపక్కల సింగరేణి గనుల బొగ్గుతో నడిచే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం దక్షిణాది గ్రిడ్‌కే కరెంటు ఇస్తుంది. ఆ గ్రిడ్‌లోంచే హైదరాబాద్ చుట్టూ ఉన్న డేటా సెంటర్లు కూడా తోడుకుంటాయి. మబ్బు వేళ్లు బొగ్గు గనిలో ఉన్నాయంటే అది కవిత్వం కాదు.

నిప్పంటుకున్నప్పుడు

క్లౌడ్ కంపెనీలు తమ భరోసాను తొమ్మిదుల్లో చెబుతాయి. 99.9 శాతం అందుబాటు అంటే వినడానికి నిండు కుండలా ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి అందులో దాదాపు ఎనిమిదిమ్ముప్పావు గంటలు ఆగిపోయినా కంపెనీ మాట తప్పినట్టు కాదు. ఇంకో తొమ్మిది చేర్చి 99.99 అంటే అది 53 నిమిషాలకు దిగుతుంది. మిర్చి సీజను మధ్యలో పడిన ఎనిమిది గంటలు వేరు, ఆగస్టులో పడిన ఎనిమిది గంటలు వేరు. ఆ తేడా శాతాల్లో కనిపించదు. భరోసా తప్పితే ఇచ్చేది కూడా సాధారణంగా బిల్లులో కొంత తగ్గింపే గానీ పోయిన బేరానికి పరిహారం కాదు.

2017 ఫిబ్రవరి 28న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో ఎస్3 సుమారు నాలుగు గంటలు స్తంభించింది. ఒక సమస్యను సరిచేస్తూ ఉద్యోగి కొట్టిన ఆదేశంలో పొరపాటు దొర్లి, ఆపవలసిన వాటికంటే చాలా ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. దాని మీద ఆధారపడ్డ వేల వెబ్‌సైట్లు కుంటుపడ్డాయి. అప్పుడు డేటా పోలేదు, కొన్ని గంటల పని పోయింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో జరిగింది వేరు. ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. నకళ్లు వేరే చోట ఉంచుకోనివారి డేటా బూడిదైంది. బ్యాకప్ సేవకు విడిగా డబ్బు కట్టిన ఒక ఖాతాదారుకు ఆ నకళ్లు కూడా అదే భవనంలో ఉన్నాయని నిప్పు ఆరాక తెలిసింది. తర్వాత కోర్టుకెక్కి గెలిచాడు గానీ డేటా తిరిగి రాలేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. మరీ పెద్దదని దానికి బయట నకలు ఉంచలేదట. సాంకేతికతలో ప్రపంచానికి పాఠాలు చెప్పగల దేశం అది.

మూడు ఉదంతాల్లోనూ 'క్లౌడ్‌లో పెట్టాం కదా' అన్న ధీమా ఒకటే. క్లౌడ్‌లో ఉండడం, నకలు ఉండడం ఒకటి కావు. ఎస్3లో దాచిన వస్తువు నిలిచే అవకాశం 99.999999999 శాతమని అమెజాన్ చెబుతుంది. కోటి ఫైళ్లు పెడితే పది వేల ఏళ్లకు ఒకటి పోవచ్చునని దాని లెక్క. డిస్కులు పాడవడం వరకు ఆ మాట నమ్మదగినదే. గుమాస్తా పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే ఆ పదకొండు తొమ్మిదులూ పనికిరావు. క్లౌడ్ ఆ ఆదేశాన్ని కూడా అంతే నమ్మకంగా, అన్ని నకళ్లలోనూ అమలు చేస్తుంది. పాత రూపాలను దాచి ఉంచే ఏర్పాటును విడిగా చేసుకున్నవారికే అది తిరిగి దొరుకుతుంది.

పూచీ ఎవరిదన్న ప్రశ్నకు కంపెనీల ఒప్పందాల్లో జవాబు స్పష్టంగానే ఉంటుంది, చదివేవారే తక్కువ. భవనం, కరెంటు, యంత్రాలు, హైపర్‌వైజర్ గోడ కంపెనీ పూచీ. తాళంచెవి ఖాతాదారు పూచీ. వార్తల్లోకి వచ్చే డేటా లీకుల్లో దొంగలు గోడ పగలగొట్టినవి అరుదు. ఫోల్డరును లోకమంతా చూడగలిగేలా తెరిచి వదిలేసినవి, పాస్‌వర్డ్ అందరికీ తెలిసినవి, రెండో అంచె ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత ఫోనుకు వచ్చే కోడ్ లాంటిది) పెట్టుకోనివి ఎక్కువ. దుకాణం మొత్తానికి ఒకే లాగిన్ పెట్టి దాన్ని గోడ మీద క్యాలెండరు మూలన రాసుకున్నంత కాలం ఏ కంపెనీ గోడా కాపాడలేదు.

కోల్డ్ స్టోరేజీ పోలిక ఒక చోట పూర్తిగా విరిగిపోతుంది, ఆ చోటు తెలుసుకోవడం అవసరం. బస్తా ఒకటే. బయటికి తెస్తే లోపల ఉండదు. డేటా అలా కాదు. దించుకున్నా అక్కడ ఉంటుంది, చెరిపేశామనుకున్నాక కూడా నకళ్లలో కొంతకాలం ఉంటుంది. రైతుల పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న చిట్టా అయితే అది అడ్తిదారు సొంత విషయం మాత్రమే కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ బాధ్యతను సేకరించినవారి మీదే పెట్టింది. కిరాయి గదిలో పెట్టామన్నంత మాత్రాన ఆ బాధ్యత తొలగిపోదు. చెల్లింపుల వివరాలు దేశంలోనే నిల్వ ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. ప్రభుత్వ శాఖల కోసం మేఘ్‌రాజ్ పేరుతో కేంద్రం వేరే ఏర్పాటే చేసుకుంది.

ఇక ఖాళీ చేసి పోవడం. సరుకు లోపలికి తోలేటప్పుడు క్లౌడ్ కంపెనీలు సాధారణంగా రుసుము అడగవు, బయటికి తోలేటప్పుడు గేటు దగ్గర గిగాబైటు లెక్కన వసూలు చేస్తాయి. పూర్తిగా వదిలిపోయేవారికి ఆ రుసుము తీసేస్తామని 2024లో గూగుల్, అమెజాన్ ప్రకటించాయి. మంచిదే గానీ అసలు బంధం రుసుములో లేదు. ఒక కంపెనీ డేటాబేస్‌కు మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో పదేళ్ల చిట్టా రాసుకున్నాక మరో చోటికి మార్చడమంటే ఇల్లు మారడం కాదు, ఇల్లు విప్పి మళ్లీ కట్టుకోవడం. పెద్దవారిలో అలా కట్టుకున్నవారూ ఉన్నారు. అమెజాన్ మీద పెరిగిన, జనం ఫైళ్లు దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ 2016 నాటికి తన ఫైళ్లలో అత్యధిక భాగాన్ని సొంత యంత్రాల మీదికి తెచ్చుకుంది. ఏడాది పొడవునా ఒకే తీరున, పెద్ద ఎత్తున వాడకం ఉన్నవారికి కిరాయి కంటే సొంతం చవక. రోజూ కోత ఉన్నవాడు హార్వెస్టర్ కొనుక్కుంటాడు కదా. సీజను వ్యాపారానికి, కొత్తగా మొదలుపెట్టేవారికి, రద్దీ ఎప్పుడొస్తుందో తెలియనివారికి కిరాయే మేలు.

అడ్తిదారు విషయానికొస్తే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు అడగవలసింది ఒకటుంది: మొత్తం చిట్టాను మామూలు ఎక్సెల్ తరహా ఫైలుగా ఒక్క నొక్కుతో దించుకునే వీలుందా? ఉంటే నెలకోసారి దించి, ఇంట్లో బీరువాలోని డిస్క్‌లో పెట్టుకోవచ్చు. సంక్రాంతికి ముందు, కొత్త సరుకు యార్డు ముఖం చూడకముందే, ఒకరోజు ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఏవైనా పది పాత తక్‌పట్టీలతో పోల్చి చూడాలి. తెరుచుకోకపోతే, లెక్క కుదరకపోతే, సరిచేసుకోవడానికి ఇంకా నెల రోజులు చేతిలో ఉంటాయి.